కొప్పమ్మ చెవి

ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, గుర్రాల కాళ్లు చూడటానికి కొన్న స్కానింగ్ యంత్రంలోకి ఒక పుర్రె వెళ్లింది. పుర్రె డైనోసార్‌ది. ఆ జంతువు చచ్చి ఏడు కోట్ల ఏళ్లు దాటింది. నలుగురు మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టి బెల్టులు బిగించారు. పుర్రె వెనకాలే, ఆమెకి చదువు చెప్పిన మాస్టారు లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆమె పశువుల ఆసుపత్రి వరండాలో, గోడవారన ఉన్న ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది.

కూర్చుందన్న మాటే గాని కాళ్లు కూర్చోలేదు, కుడి మడమ నేలని దంచుతూనే ఉంది, పక్క కుర్చీ కూడా కదులుతోందని అందులో ఉన్న మనిషి ఒకసారి తిరిగి చూశాడు, ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టి నొక్కింది, చెయ్యి తీయగానే మళ్లీ మొదలైంది. లోపలికి వెళ్లకూడదు. తెర చూడకూడదు. ఈ ఒప్పందం పెట్టింది మాస్టారు, ఒప్పుకున్నది తను, అదీ ఎలా, ఆయన మాట పూర్తికాకుండానే సరే అనేసింది, అన్నాక గాని దేనికి సరే అన్నదో అర్థం కాలేదు. కొప్పు నువ్వు కొలిచావు, చెవి నేను కొలుస్తాను, నీ అంకె నాకు చెప్పకు, నా అంకె నీకు చెప్పను, బయటికొచ్చి మూడు లెక్కపెడతాను, మూడు అనగానే ఇద్దరం ఒక్కసారే చెబుదాం, ముందు నోరు జారినవాళ్లు ఓడినట్టు, అన్నారాయన. చిన్నపిల్లల ఆటలా ఉంది మాస్టారూ, అంది. పిల్లలే నయం అమ్మాయ్, ఎదుటివాడి లెక్క విని తమ లెక్క దిద్దుకోవడం వాళ్లకింకా రాదు, అన్నారు. ఆ దెబ్బ ఎవరికి తగలాలో వాళ్లకి తగిలింది. ఆమె అంకె ఎనభై. సెకనుకి ఎనభై ఊపులు. ఆ అంకె నాలుక చివర కూర్చుని ఉంది, వేడి గుగ్గిళ్లలా, మింగడానికి లేదు, ఉమ్మడానికి లేదు. ఎనభై, ఎనభై. మడమ కూడా అదే అంటోంది.

కొప్పమ్మ అని పేరు పెట్టింది తవ్వకంలో ఉన్నవాళ్లు. నుదుటి మీంచి ఎముక వెనక్కి లేచి, ముడి చుట్టి పిన్నులు గుచ్చినట్టు ఉంటుంది. ఆ ముడి లోపల బోలు. ముక్కులోంచి బయలుదేరిన గొట్టం తిన్నగా గొంతులోకి పోకుండా కొప్పులోకి ఎక్కి, చివరిదాకా వెళ్లి, మడతపడి, కిందికి దిగి, అప్పుడు గొంతు చేరుతుంది. ఎదురింటికి వెళ్లడానికి ఊరంతా తిరిగినట్టు. విప్పి నిలబెడితే మనిషికన్నా పొడవు. ఎందుకు? ఆ ఎందుకుని ఆమె ఇరవైల్లో పట్టుకుంది, ఇప్పుడు నలభై దాటింది, ఎవరు ఎవరిని పట్టుకున్నారో ఇంట్లోవాళ్లని అడగాలి. బతికున్న జంతువైతే వెనకాల తిరిగి చూడొచ్చు, ఏం చేస్తోందో, దేనికి వాడుతోందో. చచ్చినదైతే ఎముకని అడగాలి, ఎముక అడిగినదానికల్లా ఔనంటుంది. నీళ్లలో మునిగి ఊపిరి పీల్చే గొట్టం అన్నారు ఒకప్పుడు, కొప్పు చివర కన్నమే లేదని ఎవరో చూసేదాకా ఎముక ఔనంది. గాలి దాచుకునే తిత్తి అన్నారు, ఆ గాలి అంత ఒంటికి ఏ మూలకీ చాలదని లెక్క తేలేదాకా ఔనంది. వాసన పట్టడానికన్నారు, మెదడు చల్లబడటానికన్నారు, జోడు కంటికి అందంగా కనబడటానికన్నారు. కంటికే అయితే లోపల గొట్టమెందుకు? అది మోగడానికి. గాలి ఊదితే మోగడానికి. ఆమె మొదటినుంచీ అన్నది ఇదే. మాస్టారు మొదటినుంచీ అన్నది కూడా ఒకటే, ఊదితే సీసా కూడా మోగుతుంది అమ్మాయ్, మోగడం కోసమే సీసా చేశారని ఎవరంటారు?

దానికి జవాబు చెవి. అది తట్టడానికి ఆమెకి ఇన్నేళ్లు పట్టింది. నోరు వాదిస్తుంది, సాక్ష్యం చెవి చెప్పాలి. కొప్పు ఎనభై దగ్గర మోగితే, ఆ జంతువు చెవి ఎనభై దగ్గర బాగా వినాలి, తన జాతి గొంతు తనకి వినబడకపోతే గొంతెందుకు? చెవి ఎముక లోపల ఎక్కడో ఉంటుంది, మనకి నత్తలా చుట్టుకుని, వీటికి వేలులా తిన్నగా. ఆ వేలు ఎంత పొడవైతే అంత లావు మోతలు, తక్కువ ఊపులవి, వింటుంది, పొట్టిదైతే సన్నవి. నిరుడు కొప్పుని ఇంకోచోట చిన్న యంత్రంలో చూశారు గాని చెవి ఉన్నచోట పుర్రె మందం, పైగా రాయి నిండి ఉంది, ఆ కిరణాలు దూరలేదు. గుర్రాల యంత్రం దూరుతుంది. పొడుగు వేలు, పొడుగు వేలు, అని ఆమె తలుపు వైపు చూసి అనుకుంది, ఏడు కోట్ల ఏళ్ల కిందట అయిపోయిన పొడవు ఇవాళ తను అనుకుంటే పెరుగుతుందా అని నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ అనుకుంది, పొడుగ్గా ఉండు తల్లీ.

"మీదేం జంతువమ్మా? లోపలుందా?" అన్నాడు పక్క కుర్చీ మనిషి. ఆయన కాళ్ల దగ్గర ఒక కుక్క, మెడకి గరాటా. తెల్ల ప్లాస్టిక్ గరాటా, వెడల్పు వైపు ముందుకి, కుక్క మొహం దాని అడుగున.

"లోపలుంది."

"ముసలిదా?"

"బాగా."

"ఏమంటున్నారు, బతుకుతుందా?"

"గంటలో తెలుస్తుందండీ," అంది.

ఆయన తల ఊపాడు. "మావాడికి తోక దగ్గర కుట్లు వేశారు. నాక్కోకుండా ఇది కట్టారు. మా ఆవిడైతే నాక్కూడా ఒకటి కట్టించుకురమ్మంది, నోరు కాస్త అదుపులో ఉంటుందని." తన మాటకి తనే నవ్వి, గరాటా మీద ఒక మొట్టికాయ వేశాడు. డొల్ల చప్పుడు. కుక్క కదల్లేదు. ఆమె గరాటా వంక చూస్తూ ఉండిపోయింది. ఇప్పుడు ఈ వరండా మట్టిలో కూరుకుపోయి, కోట్ల ఏళ్లకి ఎవరో తవ్వి, ఈ కుక్క ఎముకలూ ఈ గరాటా కలిపి తీశారనుకో. ఏమంటారు? చప్పుళ్లు పోగుచేసే బూర అంటారు, రుజువుగా గాలి పరీక్షలు చేస్తారు, నిజంగానే పోగుచేస్తుంది కూడా. ఎండకి గొడుగు అంటారు. ఆడదాని కంటపడటానికి అలంకారం అంటారు. తోక దగ్గర పుండు ఉందనీ, నాలుక అక్కడికి పోకుండా కట్టారనీ ఒక్కడు, ఒక్కడైనా అంటాడా? అంటే మాస్టారు ఊరుకుంటారా, రుజువేది అమ్మాయ్ అనరూ. తోక ఎముక దొరికితే, దాని మీద కోత గుర్తు దొరికితే అప్పుడు. అందుకే రెండో సాక్ష్యం కావాలి. ఒక్క గరాటా ఏమైనా చెబుతుంది.

ఒక్క గరాటాని నమ్మి ఒకసారి మునిగింది కదా. అప్పట్లో కొప్పమ్మ లేదు, పాత మ్యూజియంలో గాజుపెట్టెలో ఇంకో పుర్రె ఉండేది, దాని కొప్పు కొలిచి, గొట్టం అచ్చు తీసి, గాలి ఊదితే ఎంత బాగా మోగిందని, కిటికీ అద్దాలు వణికాయి, పేపరువాళ్లు వచ్చారు, పిల్లలు వరసలో నిలబడి ఊదారు, బూర మేడమ్ అన్నారు, ఆ పేరుకి ఆమె మురిసింది కూడా. మాస్టారు ఒక మధ్యాహ్నం వచ్చారు. గాజుపెట్టె తెరిపించారు. కొప్పు చుట్టూ రెండుసార్లు తిరిగి, నీ పిన్ను ఇలా ఇవ్వమ్మాయ్, అన్నారు. ఎందుకని కూడా అడగలేదు, జుట్టులోంచి తీసి తనే ఇచ్చింది, ఆ చెయ్యి చాచడం ఇప్పటికీ భుజంలో తెలుస్తుంది. ఆయన పిన్నుతో కొప్పు వెనక సగం మీద గీశారు. గోధుమరంగు లేచి, కింద తెల్ల పొడి రాలింది. ప్లాస్టర్. ఎప్పుడో, తాతల కాలంలో, సగం విరిగిన కొప్పుని ఎవరో తోచినట్టు పూర్తిచేసి, ఎముక రంగు పూసి పెట్టారు. గొట్టంలో మోగిన సగం ఆ మనిషి ఊహ. జంతువు ఎందుకు అలా ఉందని ఆమె ఏళ్ల తరబడి అడిగినదానికి జవాబు, ఒక మేస్త్రీకి అలా తోచింది కాబట్టి. మాస్టారు నవ్వలేదు, నవ్వితే బాగుండేది. పిన్ను తుడిచి తిరిగి ఇచ్చి, అతుకు బాగా వేశాడు, అన్నారంతే. బూర మేడమ్ అన్న పేరు మాత్రం పోలేదు, మురిపెం పోయి పేరు మిగిలింది, సభల్లో ఆమె లేచి నిలబడితే వెనకనుంచి ఎవరో ఒకరు పిడికిలి నోటి దగ్గర పెట్టుకుని ఊదినట్టు చేసేవాళ్లు. ఇంకోసారి అయితే ఎవరూ అలా చెయ్యరు. ఎవరూ రారు. రెండుసార్లు మునిగినవాళ్లకి మూడో పడవ ఎవరిస్తారు. కొప్పమ్మని కూడా రేపటికల్లా తవ్విన నేల యజమానికి అప్పగించెయ్యాలి, ఆయన గోదాములో తాళం పడితే మళ్లీ ఎప్పటికో. ఇవాళ చెవి లేదంటే లేదనే.

లేదని ఎందుకంటుంది, అమ్మమ్మ చెవి ఉండగా. అమ్మమ్మకి చెవుడు అని ఇంట్లో అందరూ అనేవాళ్లు, అది అబద్ధం, అందరికన్నా ముందు లారీ వస్తోందని చెప్పేది ఆవిడే, తాతయ్య వీధి మలుపులో దగ్గితే గిన్నె పక్కన పెట్టి లేచేది. వినబడనివి సన్నగొంతులు. పిల్లల గొంతులు. అయిదేళ్ల పిల్ల పక్కన కూర్చుని అమ్మమ్మా అమ్మమ్మా అని గీపెట్టినా ఆవిడ కిటికీలోంచి చూస్తూ కూర్చునేది, పిల్లకి ఏడుపొచ్చేది, ఏడుపు ఇంకా సన్నం, అదీ వినబడేది కాదు. ఒకరోజు ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయాక, విసుగుతో, ఛాతీ అడుగునుంచి అమ్మమ్మా అంది. ఆవిడ ఠక్కున తిరిగి, ఏమే, అంది. ఆ ఏమే. అక్కడ పట్టుకుంది పిల్ల. అప్పటినుంచి ఆవిడతో ఆ గొంతుతోనే మాట్లాడింది, ఆ గొంతే ఉండిపోయింది, స్కూల్లో పాటల టీచరు మగపిల్లల వరసలో నిలబెట్టింది, ఫోనులో ఇప్పటికీ సార్ అంటారు. ఈ ఇంట్లో నువ్వొక్కదానివే మాట్లాడతావే, మిగతావాళ్లంతా పెదాలాడిస్తారు, అనేది అమ్మమ్మ. గొంతు ఎవరిది? తనదా, ఆ చెవిదా? ఆ చెవి అలా ఉండబట్టి ఈ గొంతు ఇలా అయింది, మరి అంత ఎముక, అంత గొట్టం, అంత తిరుగుడు, వినే చెవి లేకుండా ఊరికే వస్తుందా? ఇది రుజువు కాదు, ఎవరికీ చెప్పలేదు, మాస్టారికి అసలు చెప్పలేదు, చెబితే మీ అమ్మమ్మని స్కాన్ చేశావా అంటారు.

చేతిలో ఫోను మోగింది. ఆమె ఉలిక్కిపడిన తీరుకి గరాటా కుక్క కూడా లేచి నిలబడింది.

"ఏమైందక్కా? తేలిందా?" తమ్ముడు. ప్లాస్టిక్ బొమ్మలూ మిషన్ల ముక్కలూ అచ్చువేసే షాపు వాడిది, కొప్పమ్మ పెద్ద గొట్టం అచ్చు కూడా వాడే వేశాడు.

"ఇంకా లేదురా."

"గొంతేంటి అలా ఉంది?"

"నా గొంతు ఎప్పుడు బాగుంది?"

"అది సరే. లోపలికెళ్లి పుర్రె నాకి రాకపోయావా, చప్పున తేలిపోయేది." వాడికి ఇది ఎప్పటికీ పాతబడదు. తవ్వకంలో ఎముకేదో రాయేదో తెలియకపోతే నాలుక ఆనించి చూస్తారు, పాత ఎముక నాలుకకి అంటుకుంటుంది, రాయి అంటుకోదు, ఈ సంగతి వాడి పెళ్లిచూపుల్లో చెప్పి, మా అక్క రాళ్లు నాకుతుందండీ అని అమ్మాయి తరఫువాళ్లకి పరిచయం చేశాడు. "సరే గాని, సంచి చూసుకున్నావా? చంటిదాన్ని అందులో పడేశాను పొద్దున. నీ మేనకోడలు తెల్లారకముందే లేచి ఊదుతోంది. పక్కింటాయన వచ్చి కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. నీ బూర నువ్వు తీసుకుపో తల్లీ."

"దానికిస్తే నువ్వే ఇచ్చావు, నేనిచ్చానా?"

"ఇస్తే అంత మోగుతుందని ఎవడికి తెలుసు? సరే, పెట్టేస్తున్నా. మోగాక చెప్పు."

ఫోను పెట్టేసి ఆమె సంచి తడిమింది, ఉంది, గట్టిగా, జానెడు. చంటిది. కొప్పమ్మ దొరికిన గుంటలోనే, బారెడు దూరంలో, చిన్న పుర్రె కూడా దొరికింది, అది దొరికింది ఆమెకే, వాన పడబోతోంది, అందరూ పెద్దదాని మీద గుడారం లాగుతున్నారు, ఆమె మోకాళ్ల మీద పాకుతూ తేలిన ముక్క ఒకటి తీసి నాలుకకి ఆనించింది, పట్టుకుంది, నాలుక తీయబోతే రానంత పట్టుకుంది, ఉందర్రా ఇంకోటి ఉంది అని అరవబోతే నోట్లో ఎముక, ఏమన్నదో ఎవరికీ అర్థం కాలేదు. తల్లీపిల్లా అని అప్పుడే పేర్లు పెట్టేశారు. తల్లి అని ఎక్కడ రాసుంది, అన్నారు మాస్టారు, పెద్దది చిన్నది అనండి. చిన్నదాన్ని ఆమే శుభ్రం చేసింది, ఇంకెవరి చెయ్యీ పడనివ్వలేదు, పళ్ల డాక్టరు యంత్రంలో పట్టింది గనక అక్కడే స్కాన్ చేయించింది, కొప్పు చూస్తే కొప్పు కాదు, ముక్కు మీద చిన్న బొడిపె, లోపల గొట్టం ఉంది గాని ఏం గొట్టం, జానెడు బుర్రలో మడతపడి మూరెడు. పెరిగితే కొప్పయ్యేది, పెరగలేదు. పనికిరాదని పక్కన పెట్టింది. ఆమె పుట్టినరోజుకి తమ్ముడు ఆ స్కాన్‌లోని గొట్టాన్ని ఉన్నదున్నట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా అచ్చువేసి ఇచ్చాడు, బూర మేడమ్‌కి బూర అని రిబ్బను కట్టి. మేనకోడలికి చిక్కింది. ఇల్లంతా కీచు. మరదలు అన్ని గదుల అవతల నిద్రలో ఉన్నా లేచి కూర్చునేది, టీవీ పెట్టినా లేవని మనిషి.

ఇంకా ఎంతసేపు? స్కాన్ అయిపోయే ఉంటుంది, చిత్రాలు పేర్చాలి, పేర్చి చెవి చుట్టూ రాయిని తెర మీద చెరిపెయ్యాలి, చెరిపితే వేలు తేలుతుంది, ఇప్పుడు తేలుతూ ఉంటుంది, గోడ అవతల, ఏడు కోట్ల ఏళ్లుగా ఎవరూ చూడనిది ఒక మనిషి చూస్తూ ఉంటాడు, ఆ మనిషి తను కాదు. అసూయ వేసింది. భయం కాదు, అసూయ, అది తెలిసి ఆమెకే ఆశ్చర్యం, పొద్దున్నుంచీ తను భయపడుతున్నాననుకుంది. తలుపు వేయకముందు యంత్రం నడిపే అమ్మాయి పుర్రెని చూసి, పేరేంటి మేడమ్, కంప్యూటరు అడుగుతోంది, అంది. కొప్పమ్మ. వయసు? ఏడు కోట్లు. ఇది రెండంకెలే తీసుకుంటుంది మేడమ్. అయితే తొంభై తొమ్మిది వెయ్యమ్మా. ఆడా మగా? తెలీదు. ఆ అమ్మాయి బెల్టు బిగిస్తూ, కదలకుండా పడుకో అని చెప్పక్కర్లేని పేషెంటు ఇదే మొదటిది, అంది. మాస్టారు కూడా నవ్వారు. ఆయన ఇవాళ ఉతికిన చొక్కా వేసుకున్నారు, ఇస్త్రీ కూడా, ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎందుకు? ఓడించడానికొచ్చే మనిషి ఇస్త్రీ చేసుకుని వస్తాడా? చొక్కాకి కారణం వెతుకుతున్నావు, గరాటాకి వెతికినట్టే, ఆపు. ఆపలేదు. ఆయనకీ కావాలేమో. ఇన్నేళ్లు కాదు కాదు అన్న మనిషికి ఔను అని చూడాలని ఉండదా? అందుకేనేమో మూడు లెక్కపెట్టే ఆట, తన కాదుని తనే నమ్మక. ఎనభై. పొడుగు వేలు. అమ్మమ్మా. ఏమే.

తలుపు తీసిన చప్పుడు. మాస్టారు గుమ్మంలో ఉన్నారు, కళ్లజోడు నుదుటి మీద. ఆయన వెనక యంత్రం అమ్మాయి, ఆట చూడటానికి.

ఆమె లేచింది. కుర్చీ పడింది. కుక్క మనిషి దాన్ని పట్టుకుని నిలబెట్టాడు.

"చెవి ఉందా మాస్టారూ?"

"ఉంది. రెండు వైపులా. చెక్కుచెదరలేదు." ఆయన వేలు ఎత్తారు. "బాగా వినే మోత. ఒక్క అంకె. ఒకటి."

మొహంలో ఏమైనా ఉందా? లేదు.

"రెండు."

ఊపిరి పీల్చింది, ఛాతీ అడుగుదాకా.

"మూడు."

"ఎనభై."

"నాలుగు వందలు."

ఇద్దరూ ఒక్కసారే చెప్పారు, ఎవరూ ముందు కాదు, యంత్రం అమ్మాయి ఎవరిది గెలుపో తెలియక ఇద్దరి మొహాలూ చూసింది. ఆమెకి మొదట అంకె వినబడింది, అర్థం కాలేదు, తరవాత అర్థమైంది, నాలుగు వందలు, వేలు పొట్టిది, ఎనభైకి దాని పొడవు చాలదు, అయిదోవంతు, ఐదింతలు, అటునుంచి ఇటు తిప్పినా అందదు, మడమ ఆగిపోయింది, పొద్దున్నుంచీ మొదటిసారి ఆగింది, ఆ ఆగడం ఆమెకి తెలిసింది. పిన్ను అడక్కుండానే పొడి రాలింది.

"ఎనభై వినబడకపోదు," అన్నారు మాస్టారు. గొంతు తగ్గించి అన్నారు, తగ్గించడం ఆయనకి అలవాటు లేదు. "వినబడుతుంది, గోడ అవతల మాటలా. కానీ ఆ చెవి దానికోసం ఉన్నది కాదు అమ్మాయ్. అది వింటున్నది ఇంకేదో. సన్నటిది. నాలుగు వందలు, ఇటు ఇరవై, అటు ఇరవై. మూడుసార్లు కొలిచాను. నాక్కూడా..." అని ఆగారు. "ఆ తరహా మోత ఎవరు చేస్తారు అక్కడ? పిట్టలా? ఏం వినడానికి అంత చెవి పెట్టుకుంది?"

సన్నటిది. సన్నగొంతు. అమ్మమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది, పిల్ల పక్కన గీపెడుతోంది, ఆవిడకి వినబడదు, వినబడని చెవికోసం పిల్ల గొంతు మార్చుకుంది, అది తన కథ, కొప్పమ్మది కాదు, ఇన్నేళ్లూ అమ్మమ్మ చెవిని కొప్పమ్మకి పెట్టి చూసింది తను, ప్లాస్టర్ అతికించినట్టే, కొప్పమ్మ అమ్మమ్మ కాదు, కొప్పమ్మకి వినబడుతుంది, ఏది వినబడాలో అదే వినబడుతుంది, సన్నటిది, మరదలు అన్ని గదుల అవతల లేచి కూర్చుంటుంది, టీవీకి లేవదు, పిల్ల ఊదే బూరకి లేస్తుంది, జానెడు బుర్రలో మూరెడు గొట్టం, మూరెడు...

"మాస్టారూ, ఎనభైకి గొట్టం ఎంత?"

"నువ్వే చెప్పావుగా. మనిషికన్నా పొడవు. నాలుగున్నర మూరలకి పైమాటే."

"మూరెడైతే?"

ఆయన కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నారు.

ఆమె అప్పటికే సంచిలో మోచేతిదాకా పెట్టేసింది, నీళ్ల సీసా, తాళాలు, గొడుగు, కిందపడ్డాయి, పడనీ, దొరికింది, రిబ్బను ఇంకా ఉంది, చివర మేనకోడలి పంటి గాట్లు.

"ఇదేంటి?"

"చిన్నది. అదే గుంటలోది. ముక్కు గొట్టం ఉన్నదున్నట్టు. తమ్ముడు అచ్చువేశాడు, ఆటకి."

"మోత కొలిచావా?"

"లేదు. ఎవరూ కొలవలేదు. నిజంగా లేదు మాస్టారూ, పనికిరాదనుకున్నాను."

"అతుకులు? ప్లాస్టరు?"

"నేనే తీశాను మట్టిలోంచి. ఇంకెవరూ ముట్టుకోలేదు."

"అయినా అసలు పుర్రె రేపు చూస్తాను," అన్నారు. ఆమె జుట్టులోంచి పిన్ను తీసి ఇచ్చింది. ఆయన దాన్ని ఇస్త్రీ చొక్కా జేబులో పెట్టుకుని, ఫోను తీసి, మోతలు కొలిచే తెర తెరిచి, చెయ్యి చాచి పట్టుకున్నారు. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నారు. "ఎవరూ మాట్లాడకండి. బాబూ, మీ కుక్క."

"అది మొరగదండీ, గరాటా కట్టాక మానేసింది," అన్నాడు కుక్క మనిషి, నోటి మీద వేలు పెట్టుకుని.

ఆమె ఊదింది. మొదటిసారి గాలి పక్కకి పోయింది. పెదాలు తడుపుకుని మళ్లీ ఊదింది. మోగింది. వరండా చివర గదిలో ఏదో పిల్లి అరిచింది. కుక్క గరాటాతో సహా ఆమె వైపు తిరిగింది. తెర మీద అంకె మూడు వందల ఎనభై ఎనిమిది.

"మళ్లీ," అన్నారు మాస్టారు.

మూడు వందల తొంభై ఒకటి.

"ఇలా తే." ఆయన ఫోను ఆమెకిచ్చి, బొమ్మ తీసుకుని, పంటి గాట్ల మీద చొక్కా అంచుతో తుడిచి, నోటికి పెట్టుకున్నారు. బుగ్గలు పొంగాయి. యంత్రం అమ్మాయి తెర మీదికి వంగింది.

పన్నెండు గంటల పదిహేను నిమిషాలకు మూడో అంకె వచ్చింది. మూడు వందల తొంభై.